1600 మీటర్లు ఒక్కసారి ఉరికిస్తే సరిపోదు, డీజీ గారూ

తెలంగాణ విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లెవరూ లేరు, కానీ నేను ఉరికించిన పోరగాళ్లలో అయిదారుగురు ఇవాళ ఫైర్‌మెన్లు. ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్) గ్రౌండ్‌లో పొద్దున అయిదింటికి చీకట్లోనే మొదలయ్యే ఫైర్‌మెన్ సెలక్షన్ ఈవెంట్స్ ప్రాక్టీసు సంగతి మీకు తెలిసే ఉంటుంది, 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. రెండు సెకన్ల తేడాతో పోయి గ్రౌండ్‌లోనే కూలబడి ఏడ్చిన పిల్లల్ని చూశాను, పాసై వచ్చి కాళ్లకు మొక్కిన వాళ్లనూ చూశాను. ఆ మొక్కిన వాళ్లలో ఒకడి గురించే ఈ ఉత్తరం.

పేరు చెప్పను, స్టేషనూ చెప్పను. పోయిన మార్చిలో ఒకరోజు పొద్దున మా గేటు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రారా అంటే రాడు. రెండు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంటున్నాడు. చొక్కా ఎత్తి చూపించాడు, నడుం మీద బెల్లం సున్నం పట్టు, ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. "ఏందిరా ఇది" అంటే "నడుము పట్టేసింది సార్, వంగొస్తలేదు" అన్నాడు. మూడు రోజుల కింద ఒక పత్తి మిల్లు తగలబడితే వీళ్ల బండి పోయింది. పత్తి మంట గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ ఇది చదివే మామూలు జనం కోసం చెప్తున్నా. పైన ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల బేలు (గట్టిగా నొక్కి కట్టిన పత్తి మూట) నడిమధ్యన నిప్పు కణకణలాడుతూ ఉంటుంది. ఒక్కో బేలు 170 కిలోలు. దాన్ని విప్పి, చీల్చి, తడిపి, పక్కకు లాగి, మళ్లీ ఇంకో బేలు. రాత్రంతా ఇదే పని. తెల్లవారుజామున నీళ్లు నిండిన హోస్‌ని భుజానేసుకుని పక్కకు తిరుగుతుంటే తడిసిన పత్తి మీద కాలు జారింది, కాలు ఒకపక్క, నడుము ఒకపక్క. "కటక్‌మన్నది సార్" అన్నాడు. అయినా ఎవరికీ చెప్పకుండా మిగిలిన డ్యూటీ చేశాడు.

ఎందుకు చెప్పలేదురా అంటే వాడిచ్చిన జవాబు ఇంకా నా చెవిలోనే ఉంది. "చెప్తే అన్‌ఫిట్ అని రాస్తరు సార్, కూసోబెడ్తరు."

వాడు పోయాక కాగితం పెన్నూ తీసుకుని లెక్క వేశాను, మాష్టారి బుద్ధి పోదు కదా. మీ వాళ్లు వాడే 63 మిల్లీమీటర్ల హోస్, 15 మీటర్ల పొడవుది, నీళ్లు నిండితే లోపల నీళ్ల బరువే 47 కిలోల దాకా వస్తుంది. హోస్ బరువు, కొసన ఉండే ఇత్తడి నాజిల్ బరువు కాక. అంటే దాదాపు సిమెంటు బస్తా. కాకపోతే సిమెంటు బస్తా మెదలకుండా ఉంటుంది, ఇది ప్రెషర్‌తో వెనక్కి తంతూ ఉంటుంది. మంట అన్నాక ముందుకీ వెనక్కీ లాగాలి, మెట్లెక్కించాలి, గోడ మూల తిప్పాలి. ఈ పని చేసేవాడిని మనం ఒకే ఒక్కసారి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో పరిగెత్తించి పరీక్ష పెట్టాం. వట్టినాగులపల్లి ఫైర్ ట్రైనింగ్ సెంటర్‌లో మంచి ట్రైనింగే ఇచ్చారు, కాదనను, అక్కడినుంచి వచ్చినప్పుడు మా వాడి ఒళ్లు చూస్తే నాకే ముచ్చటేసింది. ఆ తర్వాత? ఇప్పుడు వాడికి ముప్పై తొమ్మిది, పొట్ట వచ్చింది, అప్పటి స్పీడుతో ఒక్క రౌండు కొట్టమంటే కొట్టలేడు. హోస్ బరువు మాత్రం వయసుతో పాటు తగ్గలేదు కదా సార్.

పొద్దున పరేడ్ ఉంది, పీటీ ఉంది అంటారు. ఉంది, చూశాను. చేతులు పైకి, చేతులు కిందికి, నాలుగు బస్కీలు, ఒక రౌండు. పోలీసు పరేడ్‌కి అది సరిపోతుందేమో. ఫైర్‌మెన్ పనిలో ఉండేది లాగడం, మోయడం, ఎక్కడం, పగలగొట్టడం, మోకాళ్ల మీద పాకడం, స్పృహ లేని మనిషిని చంకల కింద చేతులేసి ఈడ్చుకురావడం. దానికి తొడలు, పిర్రలు, వీపు, చేతి పట్టు కావాలి. జిమ్ములు పెట్టమని అడగడం లేదు, పెడితే రెండు నెలల్లో ఆ మిషన్ల మీద తువ్వాళ్లు ఆరేస్తారు, మా బడిలో అదే అయింది. చిరిగి పక్కన పడేసిన పాత హోస్‌లో ఇసుక నింపి రెండు కొసలూ కడితే భుజాన మోసే బరువు తయారు. లారీ పాత టైరు, ఒక సమ్మెట. ఇసుక బస్తా. ఎక్కడానికి డ్రిల్ టవరో, లేకపోతే పక్కనున్న ఏ నాలుగంతస్తుల బిల్డింగో. ఇంతే సామాను.

బరువు ఎత్తడం నేర్పడానికి హైదరాబాదు నుంచి ఎక్స్‌పర్టులు కూడా అవసరం లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి పోయి ఒక పూట హమాలీలను చూపిస్తే చాలు. యాభై దాటిన పెద్దమనిషి మిర్చి బస్తా ఎత్తుకుని తిరిగేటప్పుడు గమనించండి, నడుము తిప్పడు, పాదాలు తిప్పుతాడు. చిన్న చిన్న అడుగులేసి ఒళ్లంతా కలిపి ఒకేసారి తిరుగుతాడు. బస్తా ఎప్పుడూ ఒంటిని అంటుకునే ఉంటుంది. ఒక్కడే నేలమీంచి లేపడు, ఇంకొకడు వెనకనుంచి అందిస్తాడు. మా వాడి నడుము పోయింది సరిగ్గా ఆ ఒక్క విషయం దగ్గరే, పాదాలు నాటుకుని నడుము తిప్పాడు. (హమాలీలకు నొప్పులు లేవని కాదు, వాళ్ల మోకాళ్లకు ఇంకో ఉత్తరం రాయాలి.)

ఇంకొకటి, ఆటగాడికి వార్మప్ ఉంటుంది, ఫైర్‌మెన్‌కి బెల్లు ఉంటుంది. నిద్రలో ఉన్నవాడు బెల్లు కొట్టగానే లేచి ఉరికి బండెక్కుతాడు, పది నిమిషాల్లో నిచ్చెన ఎత్తుతాడు. కండరం అప్పటికి ఇంకా నిద్రలోనే ఉంటుంది. అందుకే డ్యూటీ ఎక్కగానే పదిహేను నిమిషాలు తుంటి, భుజాలు, చీలమండలు కదిలించే కసరత్తు రాతపూర్వకంగా పెట్టండి, మళ్లీ రాత్రి పడుకునే ముందు ఒకసారి. బండి దిగేటప్పుడు దూకకుండా, బండి వైపు తిరిగి, హ్యాండిల్ పట్టుకుని దిగమనండి. చెప్తే నవ్వుతారు గానీ, నా దగ్గరికి వచ్చిన ముగ్గురిలో ఇద్దరి చీలమండలు మంట దగ్గర పోలేదు, బండి మీంచి దూకి పోయాయి.

ఇక గాలి సిలిండర్. పొగలోకి పోయేవాడి వీపున 6.8 లీటర్ల సిలిండర్ 300 బార్‌లో నింపి కడితే లోపల సుమారు రెండు వేల లీటర్ల గాలి ఉంటుంది. నెమ్మదిగా పని చేస్తే నలభై అయిదు నిమిషాలు వస్తుంది. నిమిషానికి ఎనభై లీటర్లు పీల్చేంతగా ఎగపోస్తే పాతిక నిమిషాలకే ఖతం, అందులోనే బయటికి రావాల్సిన టైం కూడా ఉంది. మన వరంగల్ కోల్డ్ స్టోరేజీల్లో ఉండేది మిర్చి. ఇంట్లో రెండు ఎండుమిరపకాయలు మాడితేనే వాడంతా దగ్గుతుంది, అలాంటిది బస్తాలకు బస్తాలు కాలుతుంటే ఆ మాస్కు తీసి ఒక్క క్షణం నిలబడలేరు. ఒకే సిలిండర్, ఒకే పని, దమ్మున్నవాడికి ఎక్కువసేపు వస్తుంది, దమ్ము లేనివాడికి గాలి అయిపోవస్తోందని చెప్పే ఈల ముందే మోగుతుంది. కాబట్టి పరుగు అనేది ఒంటి షోకు కోసం కాదు, లోపల మిగిలే నిమిషాల కోసం.

ఎండ సంగతి. రోహిణి కార్తెలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలు. దాని మీద ఆ మందపాటి కోటు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్, సిలిండర్, అన్నీ కలిపి ఇరవై కిలోల పైమాటే. బయటి వేడిని ఆపే కోటు లోపలి వేడినీ బయటికి పోనివ్వదు. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తల తిరుగుతుంది, మాట తడబడుతుంది, అప్పుడే కాలు జారుతుంది, అప్పుడే తప్పు నిర్ణయం తీసుకుంటారు. అమెరికాలో దీనికి అక్కడి అగ్ని రక్షణ సంస్థ ఎన్ఎఫ్‌పీఏ పెట్టిన ఒక ప్రమాణమే ఉంది, అరగంట సిలిండర్లు రెండు వాడాకో, నలభై నిమిషాలు గట్టిగా పని చేశాకో మనిషిని బయటికి తెచ్చి కనీసం ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి. అక్కడ పరిశోధనల్లో తేలిన ఇంకో విషయం నాకు భలే నచ్చింది, చేతులు మోచేతుల దాకా చల్లటి నీళ్లలో ముంచి ఉంచితే ఒంటి వేడి దిగుతుంది. అంటే మనకు కావాల్సింది రెండు బకెట్లు, ఒక టార్పాలిన్ నీడ, ఓఆర్ఎస్ పొట్లాలు. బండి నిండా నీళ్లేసుకుని పోయేవాళ్లకు బకెట్టు నీళ్లు కరువా సార్? కరువైంది ఆర్డరు. "వీడు ఇరవై నిమిషాలు కూర్చోవాలి" అని చెప్పే అధికారం ఎవరికో ఒకరికి కాగితం మీద ఇవ్వండి. లేకపోతే ఏ మగాడూ తనంతట తాను కూర్చోడు, నామోషీ.

గుండె గురించి రాయకపోతే తప్పు. 2007లో అమెరికా పరిశోధకులు అక్కడి ఫైర్‌మెన్ల మరణాలు పరిశీలించి చెప్పింది ఏంటంటే, వాళ్ల పని కాలంలో మంటలార్పే సమయం మహా అయితే అయిదు శాతం, కానీ డ్యూటీలో గుండె జబ్బుతో పోయినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది పోయింది ఆ కొద్ది సమయంలోనే. మన దగ్గర నలభై దాటితే బీపీ, షుగరు ఇంటింటికీ ఉన్నాయి. ఏడాదికోసారి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ, నలభై దాటిన వాళ్లకు టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెను చూసే పరీక్ష). మనకు ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఉంది, ఒక తేదీ ఇప్పించి వరసగా పంపితే చాలు.

పక్కనే సింగరేణిని చూడండి. గని రెస్క్యూ వాళ్లు వీపున సిలిండర్ కట్టుకుని వేడి, పొగ ఉన్న గ్యాలరీల్లో మళ్లీ మళ్లీ ప్రాక్టీసు చేస్తారు, దేశమంతటి గని రెస్క్యూ టీములకు పోటీలు కూడా పెడతారు. మా చుట్టాలబ్బాయి ఒకడు అందులో ఉన్నాడు, వాడి ముందు ఫిట్‌నెస్ అనే మాట ఎత్తితే క్లాసు పీకుతాడు. ఆ పద్ధతి నేర్చుకోవడానికి దేశం దాటక్కర్లేదు, రామగుండం బస్సెక్కితే సరిపోతుంది.

కానీ ఒక్క మాట. రేపు మీరు ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష అని సర్క్యులర్ ఇచ్చారే అనుకోండి, అందులో "ఫెయిలైతే చర్య" అన్న ముక్క ఒక్కటి ఉన్నా మొత్తం పాడవుతుంది. నడుము నొప్పిని దాచేవాడు గుండె నొప్పినీ దాస్తాడు. ఫెయిలైన వాడికి ఆరు నెలలు టైమివ్వండి, డ్యూటీ టైంలోనే కసరత్తు చేయనివ్వండి, జీతం అలవెన్సు ముట్టుకోకండి, రిపోర్టు వాడికీ డాక్టరుకీ మధ్యే ఉండనివ్వండి. యాభై అయిదేళ్ల డ్రైవర్ ఆపరేటర్‌కీ పాతికేళ్ల కుర్రాడికీ ఒకే కొలత పెట్టకండి. మా వాడి స్టేషన్‌లో వచ్చిన ప్రతి కాల్‌కీ రిజిస్టర్ ఉంది, తగిలిన దెబ్బకు లేదు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, ఎవరికి, ఎక్కడ, ఏం చేస్తుంటే తగిలిందో రాయిస్తే, ఏడాది తిరిగేసరికి ఏ పని దగ్గర ఎక్కువ మంది దెబ్బ తింటున్నారో అదే చెబుతుంది.

మసి సంగతి కూడా. ఈ వృత్తితోనే క్యాన్సర్ ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2022లో తేల్చింది. మంట దగ్గరనుంచి రాగానే మెడ, ముఖం, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ బట్టలు ఇంటికి తీసుకుపోయి పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. స్టేషన్‌కొక వాషింగ్ మెషిన్ ఇప్పించండి.

ఏటా ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి రేవులో ఓడ పేలి చనిపోయిన ఫైర్‌మెన్లను తలుచుకుని వారం రోజులు వారోత్సవాలు చేస్తారు, మా బడికి కూడా వచ్చి డెమో ఇచ్చేవాళ్లు, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఈసారి ఆ వారంలో ఒక పొద్దున మీ వాళ్లకు బీపీ కూడా చూపించండి. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగినప్పుడు మీ శాఖ పేరులో "విపత్తు స్పందన" అనే మాట ఎందుకుందో ఈ జిల్లాల్లో అందరికీ అర్థమైంది. మంటైనా వరదైనా పోవాల్సింది ఈ నడుములూ ఈ మోకాళ్లే.

మా వాడిప్పుడు కాస్త నయం. రోజూ సాయంత్రం మా పెరట్లోకి వస్తున్నాడు, మొదటి నెల ఉత్త చేతులతో కూర్చుని లేవడం, ఇప్పుడు అయిదు కిలోల బస్తాతో. వాడితో ఇంకో ఇద్దరు తయారయ్యారు. డ్యూటీ లేని రోజు అయిదున్నరకు వస్తారు, నా పాత స్టాప్‌వాచ్ ఇంకా పని చేస్తోంది. నేను పైసా అడగడం లేదు. ఏదైనా ఒక స్టేషన్‌లో ఆరు నెలలు నాకు పొద్దున ఒక గంట ఇప్పించండి, పక్కన పడేసిన పాత హోస్‌లు ఒక నాలుగు ఇప్పించండి, ఇసుక మేమే పోసుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
హనుమకొండ