2025 వార్షిక నివేదిక: పెద్దకొడుకు కథ థియేటర్‌కి వచ్చిన సంవత్సరం

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక పంపడం మన నియమం. ఈసారి నివేదికలో సగానికి పైగా ఒకే సినిమా గురించి ఉంటుంది. సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ అనే అనిమే (జపాన్ బొమ్మల సినిమా) తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో చాలావరకు ఆ రోజు కోసం చేసినవే. మిగిలినవి ఆ రోజు చూసినదాని వల్ల పుట్టుకొచ్చినవి.

ఏడాది మాత్రం వేరే సినిమాతో మొదలైంది. జనవరి 24న ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ మళ్లీ విడుదలైంది. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి 1990ల మొదట్లో పూర్తిచేసిన సినిమా అది. ఇన్నేళ్లకు తెలుగులో వినిపించింది. సంఘం తరఫున ఇంటికో పెద్దవాళ్లని తీసుకురమ్మని అడిగాం. చాలామంది అమ్మానాన్నలకు, తాతయ్యలకు అదే మొదటి అనిమే. ఆ రోజు వాళ్లు వచ్చారు కాబట్టే సెప్టెంబర్‌లో మళ్లీ పిలిచే ధైర్యం మాకు వచ్చింది. ఈ విషయం కింద మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఫిబ్రవరి నుంచి మే దాకా చెప్పుకోదగ్గది పిల్లల బొమ్మల తరగతి. డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసే మన సభ్యురాలు ఆదివారాలు నడిపారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉన్నా, ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ గీయరని, ఒకే బొమ్మని రెండు మూడు ఫ్రేముల పాటు నిలబెడతారని ఆమె నోట్‌బుక్ మూలల మీద గీయించి చూపించారు. ‘డీమన్ స్లేయర్’ కథానాయకుడు తాన్‌జీరో కత్తి వెంట లేచే నీళ్లను చూసి పిల్లలంతా వాటిని నీలం రంగుతో నింపబోయారు. ఆమె ఆపి, ముందు అంచుల గీత చూడమన్నారు. పాత జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో అలలకు ఉండే లాంటి దళసరి గీత అది. తరగతి వచ్చే ఏడాది కూడా కొనసాగాలని కమిటీ అభిప్రాయం.

ఇక సినిమా సంగతి.

కొత్తగా చేరిన సభ్యుల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. కొయొహరు గొతోగె గీసిన బొమ్మల కథ ‘కిమెత్సు నో యైబా’ (ఇంగ్లిష్‌లో ‘డీమన్ స్లేయర్’) 2016 నుంచి 2020 దాకా వారపత్రికలో వచ్చింది. పుస్తకాలుగా 23 సంపుటాలు. యూఫోటేబుల్ స్టూడియో 2019లో దాన్ని టీవీ సిరీస్ చేసింది. కథ జపాన్‌లో తైషో కాలం నాటిది, అంటే సుమారు వందేళ్ల కిందటిది. కొండమీద బొగ్గులు కాల్చి అమ్ముకునే కుర్రాడు తాన్‌జీరో. ఒక రాత్రి పొద్దుపోయి ఊళ్లోనే ఉండిపోయాడు. తెల్లారి ఇంటికొచ్చేసరికి తల్లీ తమ్ముళ్లూ చిన్న చెల్లెలూ చచ్చిపడి ఉన్నారు. బతికిన ఒక్క చెల్లెలు నెజుకో మనుషుల్ని తినే జాతిగా మారిపోయింది. ఆమెను పగలు ఎండ తగలకుండా చెక్కపెట్టెలో పెట్టి వీపున మోసుకుంటూ, మళ్లీ మనిషిని చేసే మందు కోసం తిరుగుతాడు.

ఈ సిరీస్‌కి ఒక అలవాటు ఉంది. మొదటి సీజన్ 26 ఎపిసోడ్లూ అయ్యాక, తర్వాతి ఘట్టాన్ని టీవీలో కాకుండా 2020 అక్టోబర్‌లో ‘మూగెన్ ట్రెయిన్’ పేరుతో సినిమాగా వదిలారు. కరోనా రోజుల్లో వచ్చి కూడా జపాన్‌లో 4,000 కోట్ల యెన్‌లు దాటిన మొదటి సినిమా అయింది. ఆ తర్వాత దాన్నే టీవీకి 7 ఎపిసోడ్లుగా మార్చారు. దాని వెనక 11, 11, 8 ఎపిసోడ్లుగా మరో మూడు భాగాలు వచ్చాయి. అన్నీ కలిపితే 63. ‘ఇన్ఫినిటీ కాజిల్’ ఆ అరవై మూడో ఎపిసోడ్ ఆగినచోటు నుంచి, వెనకటి కథ చెప్పకుండా, నేరుగా ఎత్తుకుంటుంది. మూడు సినిమాల్లో ఇది మొదటిది.

అంటే టికెట్ కొని ఊరికే వెళ్లి కూర్చుంటే అర్థమయ్యే సినిమా కాదు. ఇది లోపమని కొందరు సభ్యులు అన్నారు. నేను అలా అనుకోను. ఆరేళ్లు వెంట నడిచినవాళ్ల కోసం తీసిన సినిమా అది. వాళ్లను గౌరవించే పద్ధతి అదే. కానీ ఆ గౌరవం మిగతావాళ్లకు తలుపు మూసినట్టు అవకూడదు. తలుపు తీసే పని ఇలాంటి సంఘానిదే. ఆ ఉద్దేశంతోనే జూన్ నుంచి ‘ముందు కథ’ ఆదివారాలు పెట్టాం.

63 ఎపిసోడ్లంటే 25 గంటలకు పైనే. ఉద్యోగాలు, పిల్లల చదువులు ఉన్నవాళ్లు అంత చూడలేరు. ఎవరింట్లో వాళ్లు వీలైనన్ని చూడాలి, వారానికోసారి హాల్లో కూర్చుని మిగతాది చెప్పుకోవాలి అని నిర్ణయించాం. కథ చెప్పే వంతు ప్రతివారం ఒకరికి. చాప మీద కూర్చుని టీ తాగుతూ ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు ఊకొట్టడం చూస్తే నాకు చిన్నప్పటి అరుగులు గుర్తొచ్చాయి.

ఆ ఆదివారాల్లో ఎక్కువసేపు సాగిన చర్చ కత్తియుద్ధాల గురించి కాదు. మొదటి సీజన్‌లో తాన్‌జీరో ఎముకలు విరిగి, నొప్పితో నిలబడలేక, తనకు తనే ధైర్యం చెప్పుకుంటాడు. తను ఇంటికి పెద్దకొడుకు కాబట్టి ఓర్చుకోగలిగాడట, రెండోవాడైతే ఓర్చుకోలేకపోయేవాడట. ఆ మాట దగ్గర హాలంతా కదిలింది. తండ్రి పోయాక చదువు మానేసి తమ్ముణ్ణి ఇంజనీరింగ్ చదివించిన సభ్యుడొకరు లేచి, ఈ కుర్రాడి కథ ఇక తనకు ఎవరూ చెప్పక్కర్లేదన్నారు. చెల్లెలి బాధ్యత మోసే అన్న అంటే మనకు వేరే వివరణ అవసరం లేదు. జపాన్ కొండల్లో పుట్టిన పాత్ర మన ఇళ్లలో ఇంత తొందరగా కలిసిపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

రెండో పెద్ద చర్చ మాటల గురించి. ఈ కథలో మనుషుల్ని తినే జాతిని జపనీస్‌లో ‘ఓని’ అంటారు, దాన్ని తెలుగులో ఏమనాలి? రాక్షసుడు అంటే పుట్టుకతోనే రాక్షసుడు. దెయ్యం అంటే చచ్చినవాడు. ఈ ఓనిలు చావలేదు, పుట్టుకతో అలాంటివాళ్లూ కాదు. ఒకప్పుడు మనుషులు. ఓనిలందరికీ మూలమైన ముజాన్ రక్తం వల్ల అలా మారారు. ఎవరికీ సరైన మాట దొరకలేదు. అప్పుడు జనవరిలో రామాయణానికి వచ్చిన ఒక బామ్మగారు కబంధుణ్ణి గుర్తుచేశారు. అరణ్యకాండలో ఆ వికృతరూపం శాపం వల్ల వచ్చింది. రామలక్ష్మణులు చేతులు నరికి, చితి పేర్చి దహనం చేశాక అసలు రూపంతో పైకి లేచి, సుగ్రీవుడి దగ్గరికి వెళ్లమని దారి చెప్పాడు. తాన్‌జీరో చచ్చిపోతున్న ఓని చెయ్యి పట్టుకుని, వచ్చే జన్మలో నీకు ఇలా జరక్కూడదని కోరుకునే సన్నివేశం గురించి విన్నాక ఆమె అన్న మాట ఇది: “చంపినవాడే కర్మ చేస్తున్నాడు కదమ్మా.” ఆ తర్వాత మేం తెలుగు మాట వెతకడం మానేసి, ఓని అనే వాడుతున్నాం.

సెప్టెంబర్‌లో రెండు ఆటలకు వెళ్లాం. ఒకటి తెలుగులో, ఇంకోటి జపనీస్‌లో సబ్‌టైటిల్స్‌తో. ఏది మంచిదన్న వాదన సంఘంలో కొత్తది కాదు. జపనీస్ నటుడు హనాయే నత్సుకి గొంతులోని తాన్‌జీరోని ఆరేళ్లుగా విన్న పిల్లలకు వేరే గొంతు ఎక్కదు. అది నిజమే. కానీ 155 నిమిషాలు తెరకింద పరిగెత్తే అక్షరాలు చదువుతూ బొమ్మ చూడటం అరవై దాటినవాళ్లకు సాధ్యం కాదు. తెలుగు ఆట లేకపోతే బామ్మగారు లేరు. రెండూ ఉండాలి, రెండిటికీ వెళ్లాలి అన్నది కమిటీ నిర్ణయం. వచ్చే భాగాలకు కూడా ఇదే పాటిస్తాం.

(సినిమా ఇంకా చూడనివాళ్లు తర్వాతి రెండు పేరాలు వదిలేయండి.)

కోట గురించి ముందు చెప్పాలి. నకిమె అనే ఓని బివా (జపాన్ తీగల వాద్యం) మీట్లతో ఆ కోటను తిప్పుతుంది. ఒక్క మీటు పడితే గోడ నేల అవుతుంది, గది పాతాళానికి జారుతుంది. టీవీలో ఇది చిన్న తెర మీద చూసినదే. థియేటర్లో ఆ తీగ మోగినప్పుడల్లా నా పక్క సీటు పిల్లవాడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. కోటను కంప్యూటర్లో కట్టి, మనుషుల్ని చేత్తో గీసి, రెండిటి మధ్య అతుకు కనిపించకుండా చేయడం ఈ స్టూడియో పనితనం. దర్శకుడు సొతోజాకి హరుఓ టీవీ సిరీస్ మొదటి రోజు నుంచి ఉన్నవాడే కాబట్టి చెయ్యి మారినట్టు ఎక్కడా అనిపించదు.

కానీ ఇంటికి తెచ్చుకున్నది కోట కాదు, అకాజా అనే ఓని కథ. ‘మూగెన్ ట్రెయిన్’లో తాన్‌జీరో వైపు యోధుడు రెంగోకుని చంపినవాడని ఐదేళ్లుగా మనమంతా పళ్లు కొరికిన అకాజా. వాడు ఒకప్పుడు హకుజి అనే పిల్లవాడు. జబ్బుపడిన తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసి దొరికి, చేతులమీద దొంగ గుర్తులు పొడిపించుకున్నాడు. కొడుకు తనకోసం అలా అవుతున్నాడని తండ్రి ఉరేసుకున్నాడు. తర్వాత చేరదీసిన గురువునూ, పెళ్లి కుదిరిన కొయుకినీ పక్కవాళ్లు బావిలో విషం కలిపి చంపారు. ముందు కథ ఆదివారాలకు ఒక్కసారి కూడా రాలేకపోయిన ఒక సభ్యుడి తల్లి, ఎవరు ఎవరో తెలియకుండానే కూర్చున్నావిడ, తండ్రి ఉరి దగ్గర కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆ ఒక్క ఘట్టానికి 63 ఎపిసోడ్లు అక్కర్లేకపోయింది. అయితే రెంగోకు చావు చూసి ఏడ్చిన పిల్లలు, అతన్ని చంపినవాడి కోసం కూడా ఏడవాల్సి రావడం వేరే సంగతి. దానికి మాత్రం ఆ ఐదేళ్లూ కావాలి. బయటికొచ్చాక ఒక పదో తరగతి అబ్బాయి, “ఆంటీ, నేను వాణ్ణి తిట్టకూడదా ఇప్పుడు?” అని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. నాకూ ఇంకా తేలలేదు.

ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా జపాన్ సినిమాలన్నిటిలోకీ ఎక్కువ వసూలు చేసింది. మన దేశంలో అంతకుముందు ఏ అనిమేకీ ఇంత ఆదరణ రాలేదు. సంతోషమే.

బాధ కలిగించినవి రెండు. తెలుగు ఆటలో చివరి పేర్లు పడుతుండగానే, పాట నడుస్తుండగానే లైట్లు వేసేశారు. ఏడుస్తున్నవాళ్ల మొహాల మీద చీపుర్లతో మనుషులు నిలబడ్డారు. ఊడ్చేవాళ్ల తప్పు కాదు, వాళ్లకు తర్వాతి ఆట టైమ్ టెన్షన్. మేనేజర్‌కి ఉత్తరం రాసి ఇచ్చాం. జపనీస్ ఆట నాటికి పాట అయ్యేదాకా లైట్లు వేయలేదు. అడిగితే వింటారని తెలిసింది. రెండోది మన ఇంటి తప్పు. విడుదలైన మర్నాడే మన వాట్సాప్ గ్రూపులో ఎవరో తెర మీద తీసిన అకాజా ఆఖరి సన్నివేశం వీడియో వచ్చింది. గంటలోపే తీసేయించాం, కానీ అప్పటికే చూసినవాళ్లున్నారు. జూన్ నుంచి ఎదురుచూసిన ఒక అమ్మాయి అది చూసి టికెట్ వెనక్కి ఇచ్చేసింది. బతిమాలి తీసుకెళ్లాం. ఇకమీద థియేటర్లో తీసిన వీడియో గ్రూపులో పెట్టినవాళ్ల సభ్యత్వం ఆపేయాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాం. దయచేసి ఆమోదించండి.

అదే నెలలో ‘చెయిన్‌సా మ్యాన్’ సిరీస్‌కి కొనసాగింపు సినిమా కూడా వచ్చింది. పెద్దవాళ్ల సినిమా కాబట్టి సంఘం తరఫున వెళ్లలేదు. జపనీస్ అక్షరాల తరగతి నేర్పేవాళ్లు దొరక్క ఆగింది. జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా పంపుతున్నారు.

వచ్చే ఏడాదికి కమిటీ కోరేది ముఖ్యంగా ఒకటే. ముందు కథ ఆదివారాల్లో చెప్పుకున్నదంతా తెలుగులో రాసి చిన్న పుస్తకంగా వేద్దాం. మిగిలిన రెండు సినిమాలు వచ్చేసరికి కొత్తవాళ్ల చేతిలో పెట్టొచ్చు. బామ్మగారి కబంధుడి మాట అందులో ఉండాలి. రాయడానికి ముందుకొచ్చేవాళ్లు సమావేశంలో పేరు ఇవ్వండి.

చివరగా గ్రంథాలయం సంగతి. ఇంగ్లిష్ అనువాదం 23 సంపుటాల్లో 7, 8, 16, 17, 18 బీరువాలో లేవు. మొదటి రెండూ రైలు కథ, తర్వాతి మూడూ ఈ సినిమా కథ. ఎందుకు వెనక్కి రాలేదో అర్థం చేసుకోగలం. సమావేశానికి వచ్చేటప్పుడు తీసుకురండి, వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు.

ఇట్లు,
కార్యదర్శి