పిల్లల ప్రశ్నలకు ఒక పీరియడ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు ఇటీవల సాంఘికశాస్త్రం తరగతిలో లేచి, 'ఎదుర్లంక వంతెన దాటగానే వచ్చే యానాం మన రాష్ట్రంలో ఎందుకు లేదండీ?' అని అడిగితే, 'అది పరీక్షకు రాదు, కూర్చో' అన్నారట. కోనసీమ బడుల్లో ముప్పై ఏళ్ళు ఆ పాఠాలే చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఆ మాట కష్టంగా తోచింది. సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి ఎంతటిదో తెలుసు గనుక ఆ ఉపాధ్యాయుణ్ణి తప్పుపట్టను. కానీ ఆ ప్రశ్న పాఠానికి బయటిది కాదు. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం పాలన 1954 నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చినా, చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న గాని పూర్తికాలేదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిపి దానిని ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా ఉంచినందువల్ల, చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా యానాం ఓటర్లు ఎన్నుకునే ఎమ్మెల్యే పుదుచ్చేరి శాసనసభలో కూర్చుంటారు.

నా సర్వీసులో తరచూ విన్న ప్రశ్న ఇంకొకటి ఉంది: 'కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టాం కదా, మరి అల్లూరి సీతారామరాజు ఆ దొరల మీదే ఎందుకు తిరగబడ్డారు?' 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కరవులతో చితికిన డెల్టాను మాగాణిగా మార్చింది, సర్కారుకు శిస్తునూ పెంచింది. ఆ సర్కారే 1882లో తెచ్చిన మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడు సేద్యానికి అడ్డుపడింది. 1922లో రాజుకున్న తిరుగుబాటు వెనుక ఆ కడుపుమంటా, రోడ్డు పనుల్లో చేయించుకున్న వెట్టిచాకిరీ ఉన్నాయి. ఈ రెండింటినీ విడివిడి పాఠాలుగా బట్టీపట్టిన పిల్లలకు సంగతి ముడిపడదు, ఎవరో ఒకరు కలిపి చెప్పాలి.

'సర్పంచ్ పెద్దా, ఎమ్మెల్యే పెద్దా?' అన్నది ఏ తరగతిలోనైనా వచ్చేదే. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీకి తనదైన స్థానం ఇచ్చిందనీ, ఊరి ఓటర్లందరూ గ్రామసభ సభ్యులేననీ చెబితే చాలదు, చూపించాలి.

అందుచేత విద్యాశాఖ అధికారులకు నా విన్నపం. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు వారానికి ఒక పీరియడ్ పిల్లల ప్రశ్నలకే కేటాయించండి. జవాబు తెలియనప్పుడు 'కనుక్కుని చెబుతాను' అనే వెసులుబాటు ఉపాధ్యాయుడికి ఇవ్వండి. గ్రామసభ జరిగే రోజున పిల్లలను తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. వేసవిలో కాలువలు ఎప్పుడు కట్టేయాలో ఎవరు నిర్ణయిస్తారో లాకుల దగ్గరే నీటిపారుదల సిబ్బంది చేత చెప్పించండి. మీ పత్రిక కూడా జిల్లా పేజీలో వారానికొక విద్యార్థి ప్రశ్నకు చోటిస్తే, జవాబులు రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
ముమ్మిడివరం