రెడీమేడ్ డ్రోన్ వద్దు, విడిభాగాలు కొనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులు వస్తే చాలు, 'మా పిల్లాడు డ్రోన్ అడుగుతున్నాడండీ, ఏది కొనమంటారు' అని తెలిసినవాళ్లు ఫోన్ చేస్తుంటారు. అందరికీ చెప్పేదే మీ పత్రికలోనూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పెట్టె తెరవగానే ఎగిరేది కొనకండి, టైనీ వూప్ విడిభాగాలు తెప్పించి పిల్లల చేతే కట్టించండి.

టైనీ వూప్ అంటే ఇంట్లోనే ఎగరేసుకునే, అరచేతిలో పట్టే రేసింగ్ డ్రోన్. ఫ్రేము ఎదురెదురు మూలల్లోని మోటార్ల మధ్య 65 మిల్లీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 30 గ్రాములు అటూ ఇటూ. రెక్కల చుట్టూ ప్లాస్టిక్ రింగు ఉంటుంది కాబట్టి గోడకి కొట్టుకున్నా పెద్దగా ఏమీ కాదు. దాని కెమెరా చూసేదంతా మనం కళ్లకి పెట్టుకునే, లోపల చిన్న తెర ఉండే గాగుల్స్‌లో కనిపిస్తుంది, కుర్చీ కాళ్ల మధ్య నుంచి దూరి సోఫా మీదుగా తిరిగి వస్తుంటే మన హాలే మనకి కొత్తగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త, సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే!

విడిభాగాలే ఎందుకంటే, తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి తప్ప. విడిభాగాలకి ఆ నిషేధం లేదు. కానీ నాకు అసలు కారణం అది కాదు.

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలయ్యాక కట్టింది. మొదటిరోజే కాస్త పొడవైన స్క్రూ బిగించింది, అది లోపలి రాగి చుట్టకి తగిలి కొత్త మోటారు పోయింది. ఇంకోటి తెప్పించి పెడితే, లేపగానే పల్టీ కొడుతోంది. రెండురోజులు దానితోనే కూర్చుని, రెండు రెక్కలు తారుమారు అయ్యాయని తనే పట్టుకుంది. ఎగరడం మొదలయ్యాక మధ్యలో ఒక మోటారు నీరసపడిపోతే, విప్పి చూశాం, షాఫ్టు చుట్టూ తన జుట్టే! ఇప్పుడు సోల్డరింగ్ నా కన్నా బాగా చేస్తుంది, బ్యాటరీ కనెక్టర్ మార్చి మంచిది వేసుకుంది, ఒక్కసారిగా పైకి లేపినప్పుడు వోల్టేజి ఇదివరకంత పడిపోవడం లేదు. డ్రోన్‌ని నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు.

బ్యాటరీల విషయంలో మాత్రం పెద్దవాళ్లు పక్కనుండాలి. ఇవి లిథియం పాలిమర్ సెల్స్, 300 ఎంఏహెచ్‌వి మూడు నాలుగు నిమిషాలకి అయిపోతాయి, పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి చార్జింగ్ పెడుతూనే ఉంటారు. ఉబ్బిన సెల్‌ని మళ్లీ చార్జ్ చేయకూడదు, రాత్రి చార్జర్‌కి వదిలేసి పడుకోకూడదు. ఇందులో మొహమాటం వద్దు, గట్టిగా చెప్పండి.

ఇక నా బాధ. మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఎగరేసుకుంటామంటే పైలట్ లైసెన్సు ఏదని అడిగి పంపించేశారు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు, అంతకు తక్కువ బరువున్నవి నానో డ్రోన్లు, వాటికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. బయట ఎక్కడపడితే అక్కడ ఎగరేస్తామని మేం అడగలేదు, నాలుగు గోడల మధ్యే. ఆదివారం పొద్దున ఖాళీగా తాళం వేసి ఉండే హాలు రెండు గంటలు ఇవ్వమని అన్ని అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలనీ, స్కూళ్ల యాజమాన్యాలనీ కోరుతున్నాను. ఫ్యాన్లు మేమే ఆపుకుంటాం, కుర్చీలు మళ్లీ మేమే సర్దేసి తాళం చేతికిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ