‘ఎస్ సర్’ ఖరీదు నాలుగు రోజుల కూలి

సంపాదకుడి గారికి,

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక ఎగుమతి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఏటా సీజన్‌కు ముందు ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లల్ని పనిలోకి తీసుకుంటాం. ఈసారి వచ్చిన కుర్రాడికి బీకాంలో ఇంగ్లీషు మార్కులు 82. చురుకైనవాడే. మార్చిలో చైనా నుంచి తేజా రకం మిర్చి కొనే పార్టీ ఫోన్ చేస్తే వాడే ఎత్తాడు. అవతలి మనిషి ఇంగ్లీషు వీడి చెవికి ఎక్కలేదు. మళ్లీ చెప్పమని అడగడం నామోషీ అనిపించి, ప్రతి మాటకీ ‘ఎస్ సర్, ఎస్ సర్’ అన్నాడు. అందులో ఒక ‘ఎస్’తో, సరుకంతా తొడిమ తీసి పంపుతామని ఒప్పేసుకున్నాడు. మేం రేటు చెప్పిందేమో తొడిమ ఉన్న కాయకు. పాత పార్టీ, మాట తిప్పుకోలేం. ఎనభై మంది ఆడకూలీలను షెడ్డులో కూర్చోబెట్టి నాలుగు రోజులు తొడిమలు తీయించాం.

వాణ్ని తిట్టడానికి నోరు రాలేదు. డిగ్రీలో ఫోన్ సంభాషణ పాఠం లేదా అని అడిగితే, ఉంది సార్, ఐదు మార్కుల ప్రశ్న అన్నాడు. ‘హలో, మే ఐ స్పీక్ టు...’ అంటూ గైడులోది బట్టీపట్టి పేపరు మీద రాశాడట! అర్థం కాలేదని ఇంగ్లీషులో ఎవరికైనా చెప్పాల్సిన అవసరం మూడేళ్లలో ఒక్కసారీ రాలేదట.

మా దగ్గర పని ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున తూకం వేసే దడవాయి ఇన్ని టిక్కీలు, అంటే ఇన్ని బస్తాలు, అంటాడు. కాయ చూసిన మనిషి తాలు ఎక్కువుంది, తేమ పన్నెండుంది అంటాడు. ఇదంతా తెలుగే. లారీ డ్రైవర్‌తో హిందీ. చెన్నై పోర్టులో ఏజెంటుతో సగం తమిళం, సగం ఇంగ్లీషు. సాయంత్రానికి వీటన్నిటి సారం నాలుగు లైన్ల ఇంగ్లీషు మెయిల్‌లో కొనేవాడికి వెళ్లాలి. నాలుగే లైన్లు. పిల్లలేమో ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ అని మొదలుపెట్టి, సెలవు చీటీలాగా పేజీ నింపుతారు. అందులో తేమ ఎంతో ఉండదు. ఒకమ్మాయి ‘తాలు’ను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసేస్తే, అది కొత్త రకం మిర్చేమో అనుకుని రేటు ఎంతని అడిగారు అవతలివాళ్లు. రంగు పోయి తెల్లబడ్డ కాయ అని చెప్పడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. తెలుగులో విన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టే అలవాటుంటే చాలు. క్లాసులోనేమో తెలుగు మాట్లాడితే తప్పంటారు.

మీడియం ఏదనే గొడవ 2019లో మొదలై కోర్టుల దాకా వెళ్లింది. 2023లో సర్కారు బళ్లకు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష తెచ్చారు. అసలు ఆ పరీక్ష పుట్టింది అమెరికా లాంటి చోట్ల కాలేజీల్లో చేరేవాళ్ల కోసం. ఇక్కడే ఉండి నాలుగు భాషల మధ్య పని చేసుకునే మన పిల్లల సంగతి ఎవరు చూస్తారు? పిల్లలకు వచ్చిన భాషలన్నీ పాఠానికి పెట్టుబడేనని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది కదా.

నాగార్జున యూనివర్సిటీకి, ఉన్నత విద్యామండలికి నా విన్నపం ఒక్కటే. ఇంగ్లీషు మార్కుల్లో కొన్ని మాటకు కేటాయించండి. విద్యార్థికి తెలుగులో ఒక సంగతి చెప్పి ఇంగ్లీషులో మెయిల్ రాయించండి. చైనా వాళ్లదో, బంగ్లాదేశ్ వాళ్లదో యాస వినిపించి, అర్థం కానిచోట ఆపి అడగమనండి. ఆపి అడిగినందుకే మార్కులివ్వండి. డెబ్బై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కర్నీ మాట్లాడించడం లెక్చరర్‌కు ఎంత కష్టమో తెలుసు, మా చెల్లెలు ఆ ఉద్యోగమే చేస్తోంది. అయినా సెమిస్టర్‌కు ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరకవా?

మా పాత మెయిళ్లు, పేర్లూ రేట్లూ కొట్టేసి, పాఠాల కోసం ఇవ్వడానికి మా ఓనర్ ఒప్పుకున్నారు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక ఏ కాలేజీ వాళ్లు వచ్చినా తీరిగ్గా కూర్చుని చూపిస్తాం.

– ఒక పాఠకుడు, గుంటూరు