నర్సు అప్పు, మేనేజరు అప్పు ఒకటేనా?

సంపాదకులకు,

విద్యా రుణాల ఎగవేత అనగానే లక్షలు పోసి చదివే ఎంబీబీఎస్, ఎంబీఏ విద్యార్థుల మీదికి మన అనుమానం పోతుంది. లెక్కలు మరోలా ఉన్నాయి. 2020 డిసెంబరు నాటికి విద్యా రుణాల్లో మొండి బకాయిలు 9.55 శాతమని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. కోర్సులవారీగా చూస్తే నర్సింగ్‌లో 14 శాతం, ఇంజినీరింగ్‌లో 12 శాతం పైచిలుకు, వైద్య విద్యలో దాదాపు 6 శాతం. పెద్ద అప్పులు తీరుతున్నాయి, చిన్నవే మొండికేస్తున్నాయి.

బ్యాంకులో పనిచేసి విరమించిన నాకు ఇందులో వింతేమీ లేదు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి ఎందరో ఆడపిల్లలు నర్సింగ్ చదవడానికి బెంగళూరు వస్తున్నారు. నాలుగేళ్ల బీఎస్సీకి ఏడాదికి లక్ష చొప్పున, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు, ఆ తర్వాత ఏడాది మారటోరియం (కిస్తీ కట్టనక్కర్లేని గడువు) పూర్తయ్యేసరికి బారువడ్డీతోనే బాకీ 5 లక్షల 40 వేలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7 వేలు దాటిన కిస్తీ. కుటుంబ ఆదాయం ఏటా నాలుగున్నర లక్షల లోపయితే, కాలేజీకి గుర్తింపు కూడా ఉంటే, ఆ కాలపు వడ్డీని కేంద్రం భరిస్తుంది, నిజమే. అప్పుడైనా నెలకు 5,300 తప్పదు. చిన్న నర్సింగ్ హోమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి హాస్టల్ అద్దె కట్టి, ఇంటికి కొంత పంపాక ఆ మొత్తం ఎక్కడి నుంచి తేవాలి?

ఇదే ఊళ్లో బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎంలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. అక్కడ సీటు వస్తే బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగవు, వడ్డీ కూడా తగ్గిస్తాయి. నష్టభయం తక్కువ కాబట్టి వ్యాపారంగా అది సబబే కావచ్చు. కానీ తక్కువ జీతం వచ్చే చదువుకే ఎక్కువ వడ్డీ పడుతోంది. ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవారికి తాకట్టు లేకుండా రుణమిప్పించే పీఎం విద్యాలక్ష్మి పథకం 2024లో వచ్చింది, అది కూడా ర్యాంకులనే పట్టుకుంది. మొదట ఎంపికైన 860 సంస్థల్లో చాలావరకు ఎన్‌ఐఆర్‌ఎఫ్, అంటే విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులను బట్టి వచ్చినవే. ఆ ర్యాంకుల్లో నర్సింగ్‌కు ప్రత్యేక విభాగమే లేదు! ఏడున్నర లక్షల వరకు రుణానికి ప్రభుత్వం ఇచ్చే 75 శాతం హామీ బ్యాంకును కాపాడేదే తప్ప, విద్యార్థిని కాదు.

మారటోరియం ఏడాదితో ఆగకుండా, జీతం ఒక స్థాయికి చేరాకే కిస్తీ మొదలవ్వాలి. ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఈ పద్ధతే నడుస్తోంది. కోర్సులవారీ బకాయిలను ఎవరో సభలో అడిగినప్పుడు కాకుండా ఏటా ప్రకటిస్తే, అడ్మిషన్ కట్టేముందే తల్లిదండ్రులు చూసుకుంటారు.

అసలు చిక్కు జీతంలో ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల విషయంలో 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం నిపుణుల కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రుల్లోనూ నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు భారం రాష్ట్రాల మీద పడింది. బెంగళూరులోని ఎన్ని నర్సింగ్ హోమ్‌లు ఆ జీతం ఇస్తున్నాయో కర్ణాటక ఆరోగ్య శాఖ పేర్లతో సహా వెల్లడించాలి.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మారతహళ్లి, బెంగళూరు