డిసెంబరులో పుట్టినరోజులు, 1971 డిసెంబరు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైం టేబుల్, క్రిస్మస్ సెలవులు, స్పోర్ట్స్ మీట్ వివరాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

మన బడిలో ఎవరి పుట్టినరోజు అయితే ఆ విద్యార్థి అసెంబ్లీలో "ఈ రోజు విశేషం" చదవడం మీకు తెలిసిందే. ఈ డిసెంబరులో ఆ అంశాన్ని కాస్త మారుస్తున్నాం. ఆ రోజు పుట్టిన పిల్లలు, భారత్-పాకిస్తాన్ యుద్ధం జరిగిన 1971 డిసెంబరులో సరిగ్గా అదే తేదీన ఏం జరిగిందో చెబుతారు. ఆ తేదీతో ముడిపడిన ఒక మనిషి పేరు, అప్పటికి ఆ మనిషి వయసు కూడా చెప్పాలి. పేరు, వయసు తప్పనిసరి అని టీచర్లకు నేనే గట్టిగా చెప్పాను. ఎందుకో ముందు మీకు చెప్పాలి.

మనది విశాఖపట్నం. నేవీ డే రిహార్సల్స్ మొదలయ్యాయంటే పిల్లలకు క్లాసులో కాలు నిలవదు. హెలికాప్టర్ చప్పుడు వినపడితే చాలు, కిటికీల దగ్గరికి పరుగే. ఆ సంబరం ఉండాల్సిందే. కానీ నేవీ డే డిసెంబరు 4నే ఎందుకు చేస్తారని తొమ్మిదో తరగతిలో అడిగితే చేతులు లేపింది కొద్దిమందే. యుద్ధం గురించి పాఠం చెప్పినప్పుడల్లా మొదట వచ్చే ప్రశ్న "ఎవరు గెలిచారు టీచర్?" అని. దానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది, అక్కడితో పాఠం కూడా అయిపోతుంది. అదే, చనిపోయినవాళ్ళ వయసు ఎంతో చెప్పి చూడండి. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది, ఆ తర్వాత అసలైన ప్రశ్నలు మొదలవుతాయి.

ఇక ఆ నెల సంగతులు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ సరిహద్దులోని ఎయిర్‌ఫీల్డుల మీద దాడి చేశాయి. ఇందిరాగాంధీ ఆ రోజు కలకత్తాలో ఉన్నారు. వెంటనే ఢిల్లీకి తిరిగి వచ్చి, అర్ధరాత్రి దాటాక రేడియోలో దేశ ప్రజలతో మాట్లాడారు. అప్పటికే తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చి ఉన్నారు.

అదే తేదీన త్రిపుర సరిహద్దుకు అవతల గంగాసాగర్ దగ్గర లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ప్రాణం విడిచారు. ఆయనది ఇప్పటి జార్ఖండ్ రాష్ట్రంలోని జారి గ్రామం, ఆదివాసీ కుటుంబం. తన తోటివాళ్ళను బలిగొంటున్న మెషిన్ గన్ బంకర్ మీదికి ఒంటరిగా దూకారు. గాయపడ్డా ఆగలేదు. ముందుకు పాకుతూ వెళ్ళి, ఓ భవనంలోంచి కాలుస్తున్న రెండో మెషిన్ గన్‌ను కూడా ఆపేశారు. ఆ గాయాలతోనే చనిపోయారు. ఆయన పుట్టింది 1942 డిసెంబరు 27న. అంటే ఇంకో ఇరవై నాలుగు రోజులు ఉండి ఉంటే ఇరవై తొమ్మిది నిండేవి. పరమవీర చక్ర వచ్చింది. ఈసారి డిసెంబరు 27 క్రిస్మస్ సెలవుల్లో పడింది కాబట్టి, ఆ రోజు పుట్టిన మన ఐదో తరగతి అమ్మాయి సెలవులకు ముందే ఎక్కా గురించి చెబుతుంది.

ఆ రాత్రే మన ఊరి సంగతి. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక, తెల్లవారితే 4 అనగా, విశాఖ తీరానికి దగ్గర్లో సముద్రంలో పెద్ద పేలుడు జరిగింది. ఒడ్డున ఉన్న ఇళ్ళలో కిటికీ అద్దాలు అదిరాయని అప్పటివాళ్ళు చెబుతారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది అప్పుడే. అది వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను. బాయిలర్‌లో పగుళ్ళు ఉండటంతో విక్రాంత్ పూర్తి వేగంతో వెళ్ళలేని స్థితిలో ఉంది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దాన్ని ముందే అండమాన్ వైపు పంపేసి, అది ఇంకా ఇక్కడే ఉందని శత్రువు అనుకునేలా తప్పుడు సంకేతాలు వెళ్ళే ఏర్పాటు చేశారు. ఘాజీ ఆ వలలో పడింది. నీటి మీద తేలుతున్న నూనె, సామాన్ల ముక్కలు మన మత్స్యకారుల కంటపడ్డాయి.

ఘాజీ ఎలా మునిగిందన్న దానిపై రెండు వాదనలు ఉన్నాయి. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లేనని మన నౌకాదళం అంటుంది. ఘాజీ సొంత మైన్లు గానీ, దాని లోపల జరిగిన పేలుడు గానీ కారణమని పాకిస్తాన్ అంటుంది. పెద్ద తరగతుల పిల్లలకు రెండూ చెబుతున్నాం. ఒకే సంఘటనను రెండు దేశాలు రెండు రకాలుగా రాసుకుంటాయని తెలియడం కూడా చరిత్ర పాఠమే. ఘాజీలో ఉన్న తొంభైమందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. ఇప్పటికీ ఆ నౌక మన సముద్రం అడుగునే ఉంది. ఇది చెప్పినప్పుడు ఏడో తరగతి అబ్బాయి ఒకడు, "వాళ్ళ ఇంటివాళ్ళకి ఎవరు చెప్పారు టీచర్?" అని అడిగాడు. శత్రువు అన్న మాట పక్కన పెట్టి ఆ బాబుకి అలాంటి ప్రశ్న తట్టినందుకు నాకు చాలా సంతోషం కలిగింది.

డిసెంబరు 4 రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న మిసైల్ బోట్లు మిగతా నౌకల వెంట వెళ్ళి కరాచీ రేవుపై దాడి చేశాయి. ఆపరేషన్ ట్రైడెంట్ అంటే అదే. నేవీ డే 4వ తేదీన జరగడానికి కారణం ఈ దాడే. మన ఊళ్ళో చాలామంది ఘాజీ మునిగినందుకే నేవీ డే అనుకుంటారు. రెండూ ఒకే తేదీన కలిసి రావడంతో అలా అనిపించడం సహజమే. పిల్లలకు మాత్రం సరిగ్గా చెబుదాం.

5, 6, 7 తేదీల పిల్లలకు లోంగేవాలా పోరాటం, బంగ్లాదేశ్‌కు మన దేశం గుర్తింపు ఇవ్వడం లాంటి అంశాలు వచ్చాయి. వాటి వివరాలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి కనుక ఇక్కడ రాయడం లేదు.

డిసెంబరు 9 గురించి మాత్రం రాయాలి. ఆ రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకి అప్పుడు నలభై అయిదేళ్ళు. తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేసి, ఓడతోపాటే ఉండిపోయారు. విజయాల మధ్య ఈ తేదీని ఎవరూ పెద్దగా తలుచుకోరు. 9న పుట్టిన పిల్లలు ముగ్గురు ఉన్నారు. ముగ్గురూ కలిసి చదువుతారు.

డిసెంబరు 14న శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీదికి శత్రువిమానాలు వస్తే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సేఖో తన చిన్న నాట్ విమానంలో వాటికి ఎదురెళ్ళి నేలకొరిగారు. భారత వైమానిక దళంలో పరమవీర చక్ర అందుకున్నది ఆయన ఒక్కరే.

అదే తేదీ గురించి ఉపాధ్యాయురాలిగా నా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. ఢాకాలో ఓటమి ఖాయమని తెలిసిపోయాక, ఆ ఒకటి రెండు రోజుల్లో, పాకిస్తాన్ సైన్యానికి తోడుగా ఉన్న ముఠాలు ప్రొఫెసర్లను, డాక్టర్లను, పత్రికల వాళ్ళను ఇళ్ళలోంచి పట్టుకెళ్ళి చంపేశాయి. ఢాకా విశ్వవిద్యాలయంలో బెంగాలీ పాఠాలు చెప్పే మునీర్ చౌధురి వాళ్ళలో ఒకరు. బెంగాలీ టైప్‌రైటర్‌కు కీబోర్డు రూపొందించినది ఆయనే. నలభై ఆరో పుట్టినరోజు అయి మూడు వారాలు కూడా కాలేదు. కళ్ళ డాక్టరు అలీమ్ చౌధురిని కూడా ఆ రోజుల్లోనే చంపారు. బంగ్లాదేశ్‌లో ఏటా డిసెంబరు 14ను అమర మేధావుల దినంగా పాటిస్తారు. కొత్తగా పుట్టే దేశానికి పాఠం చెప్పేవాళ్ళు, వైద్యం చేసేవాళ్ళు మిగలకూడదని ఎవరో కూర్చుని పేర్లు రాసుకున్నారు. మా టీచర్లందరం ఆ రోజు అసెంబ్లీలో నిలబడి ఆ పేర్లలో కొన్ని చదువుతాం. ఇది ఎనిమిదో తరగతి, ఆపై పిల్లల వరకే. చిన్న తరగతుల అసెంబ్లీ ఆ రోజు విడిగా జరుగుతుంది. మీరు టెన్షన్ పడనక్కర్లేదు.

డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్తాన్ లెఫ్టినెంట్ జనరల్ నియాజీ మన లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా ఎదుట లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు. పాకిస్తాన్ వైపు 93 వేలమంది మన అధీనంలోకి వచ్చారు. ఆ సంతకం ఫోటో ప్రతి పిల్లవాడూ చూసే ఉంటాడు. అదే రోజు పశ్చిమ సరిహద్దు వైపు బసంతర్ నది దగ్గర సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ మంటలు అంటుకున్న ట్యాంకు వదిలి రమ్మన్నా రాకుండా పోరాడి చనిపోయారు. వయసు ఇరవై ఒకటి. మన బడి వదిలి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లల వయసు అది.

అయితే ఆ నెలంతా యుద్ధమే కాదు. డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు కలిసి యూఏఈ అయ్యాయి. దుబాయ్, అబుధాబిలో నాన్నలున్న మన పిల్లలకు ఆ దేశపు జాతీయ దినోత్సవం బాగా తెలుసు, వాళ్ళే చెబుతారు. 18న టెన్నిస్ క్రీడాకారిణి అరాంచా సాంచెజ్ వికారియో, జర్నలిస్టు బర్ఖా దత్ పుట్టారు. 2015 నుంచి 2025 వరకు కెనడా ప్రధానిగా ఉన్న జస్టిన్ ట్రూడో క్రిస్మస్ రోజున పుట్టారు, అప్పటికి ఆయన తండ్రే అక్కడ ప్రధాని. నెలాఖరున 28న పాత సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే రాజభరణాలు రద్దయ్యాయి. 30న మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ కోవళంలో కన్నుమూశారు, యాభై రెండేళ్ళకే. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.

బీచ్ రోడ్డులో ఉన్న మన కుర్సురా సబ్‌మెరైన్‌కు కూడా ఇది పుట్టిన నెలే. అది 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పాల్గొంది. ఆరు, ఏడు తరగతుల పిల్లలను ఆ రోజు అక్కడికి తీసుకెళ్తున్నాం. లోపలికి వెళ్ళినవాళ్ళకు తెలుసు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి ద్వారంలో తల వంచి, కాలు ఎత్తి పెట్టి దూరాలి. ఒకదాని మీద ఒకటిగా సన్నటి పడకలు, చేయి చాపితే పైపులు తగులుతాయి. ఘాజీలో ఉన్నవాళ్ళు కూడా ఇలాంటి ఇరుకులోనే రోజులు గడిపారని పిల్లలు అక్కడ నిలబడి తెలుసుకోవాలన్నది మా ఉద్దేశం. అక్కడి నుంచి విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరకు నడిపిస్తాం.

ఇక మీ నుంచి కావలసింది. మీ ఇంట్లో ఆ రోజులు చూసిన పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళతో పిల్లల్ని ఓ పూట కూర్చోబెట్టండి. బ్లాకవుట్ గురించి అడగమనండి. వెలుగు బయటికి పోకుండా కిటికీ అద్దాలకు కాగితాలు అంటించడం, బళ్ళ హెడ్‌లైట్లకు పైసగం నల్లరంగు వేయడం, సైరన్ మోగగానే దీపాలు ఆర్పేయడం వాళ్ళు చూసి ఉంటారు. నానమ్మ చెప్పేది పుస్తకంలో దొరకదు. మీ సొంత ఊరు విశాఖ కాకపోయినా ఫర్వాలేదు. రేడియో చుట్టూ జనం గుమిగూడిన రచ్చబండ కబురు అయినా మాకు కావాలి. పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే పిల్లలు రాయాలి. మీరు దిద్దకండి.

మీ బంధువుల్లో సైన్యంలో, నౌకాదళంలో పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉండి, ఈ కార్యక్రమం పిల్లవాడికి బాధ కలిగిస్తుందనిపిస్తే క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి, వేరే అంశం ఇస్తాం.

పుట్టినరోజు పిల్లలు చాక్లెట్లు మామూలుగానే పంచుకోవచ్చు, రంగు బట్టలు వేసుకోవచ్చు. తేదీల పట్టిక, ఎవరికి ఏ అంశం వచ్చిందన్నది డైరీల్లో అంటించాం. పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రాసిన కాగితాలు డిసెంబరు 10లోగా క్లాస్ టీచర్‌కు చేరాలి. కుర్సురాకు వచ్చే పిల్లలతో మంచినీళ్ళ సీసా, టోపీ, మీరు సంతకం చేసిన అనుమతి పత్రం పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు