ఆది జాకెట్టు ఇచ్చే ముందు ఒక్క మాట

శ్రావణమాసం ఆర్డర్లు మొదలయ్యేలోపు మా షాపులో మారిన పద్ధతుల గురించి మీకు చెప్పాలి. ఎందుకు మార్చానో కూడా చెప్పాలి. మగవాళ్లు కూడా చదవండి. ఇంట్లోవాళ్ల జాకెట్లు తెచ్చి ఇచ్చేది చాలాసార్లు మీరే కదా.

పోయిన ఏడాది ఒకావిడ, ఆడపడుచు పెళ్లికని కుట్టించుకున్న జాకెట్టు వెనక్కి తెచ్చింది. "ట్రయల్ వేసినప్పుడు బాగానే ఉందక్కా, ఇప్పుడు హుక్కులు పడటం లేదు, చంక దగ్గర కోసుకుపోతోంది" అంది. వదులు చేస్తానని కవర్లో పెట్టాను. సీజన్ పనిలో పడి దాన్ని ముట్టుకోనేలేదు. పది రోజులకు ఆవిడ వచ్చి, లోపలికెళ్లి వేసుకుని చూసి, "ఇప్పుడు చక్కగా సరిపోయింది" అంది. నేను ఒక్క కుట్టు కూడా విప్పలేదంటే నమ్మలేదు. మధ్యలో డేట్, అంటే నెలసరి, వచ్చి వెళ్లిందా అని అడిగాను. వచ్చి వెళ్లిందట.

ఆ తర్వాత నా ఒంటికి నేనే టేపు పెట్టుకున్నాను. డేట్ అయిపోయిన వారానికి ఒకసారి, వచ్చే డేట్‌కి మూడు రోజుల ముందు ఒకసారి. ఛాతీ దగ్గర ముప్పావు అంగుళం, నడుము దగ్గర దాదాపు అంగుళం తేడా. అండం విడుదలయ్యాక హార్మోన్ల ప్రభావంతో రొమ్ములు బరువెక్కుతాయి, ఒంట్లో నీరు నిలుస్తుంది, కడుపు ఉబ్బుతుంది. రొమ్ములో ఆ వాపు, సలుపు ఎక్కువగా పైభాగంలో, చంక వైపు ఉంటాయి. చంక పట్టేసిందని మీరు చెప్పేది అందుకే. ఇన్నేళ్లూ నా కత్తిరింపునే అనుమానించాను, లేదంటే "మీరు కాస్త ఒళ్లు చేశారేమో" అనేశాను. ఆ మాట అనిపించుకున్న వాళ్లందరికీ క్షమాపణ చెబుతున్నాను.

రెండో సంగతి నాది. మొన్న మాఘమాసం పెళ్లిళ్లప్పుడు ఒకరి కంచిపట్టు జాకెట్టు ముక్కలో రెండు చేతులనూ ఒకే వైపుకు కత్తిరించేశాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. చీరలో వచ్చిన ముక్క కాబట్టి మళ్లీ దొరకదు. డబ్బు తిరిగిచ్చాను గానీ ఆవిడ ముఖం మరిచిపోలేను. క్యాలెండర్ చూసుకుంటే డేట్‌కి ఇంకా రెండు రోజులుంది. అంతకుముందు నెల కత్తెర చేతిలోంచి జారి కాలి మీద పడిందీ ఆ వారంలోనే.

డాక్టరమ్మ దగ్గరికి వెళితే ముందు రక్తహీనతకు, థైరాయిడ్‌కు పరీక్షలు చేయించింది. తర్వాత రెండు నెలలు రోజూ ఏం జరుగుతోందో రాసుకు రమ్మంది. షాపు బిల్లుబుక్కు వెనక పేజీల్లోనే రాశాను. చిరాకు, కడుపునొప్పి నాకు తెలిసినవే. తెలియనివి చాలా బయటపడ్డాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. దానికోసం మూడు రకాల పేస్టులు మార్చాను! అర్ధరాత్రి ఒళ్లు వేడెక్కి మెలకువ రావడం. ఆ రోజుల్లో శరీర ఉష్ణోగ్రత అర డిగ్రీ సెల్సియస్ వరకూ పెరుగుతుందట. వారమంతా మలబద్ధకం, డేట్ మొదలైన రోజు విరేచనాలు. మా దగ్గర హుక్కులు కుట్టే అమ్మాయికి ఆయాసం ఉంది, తనకు ఆ రోజుల్లోనే ఇన్‌హేలర్ ఎక్కువ వాడాల్సి వస్తోందని ఇద్దరం మాట్లాడుకున్నాకే గమనించింది. ఒకవైపు తలనొప్పి కూడా కొందరికి సరిగ్గా డేట్ ముందే వస్తుంది.

నాకు బాగా పనిచేసింది ఆ రాసుకోవడమే. ఎందుకిలా అవుతోందో తెలిస్తే సగం టెన్షన్ పోయింది. మాది గుంటూరు కాబట్టి ఆవకాయ మానడం నావల్ల కాదు గానీ ఆ వారం పచ్చడి, అప్పడం బాగా తగ్గించాను. ఉప్పు తగ్గితే ఉబ్బరం తగ్గింది. నాలుగు దాటాక టీ తాగను. షాపు కట్టేశాక అరగంట నడుస్తాను. పొద్దున్నే రాగిజావ, వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం మూడు నెలలు తీసుకున్నవాళ్లకు ఈ బాధలు తగ్గాయని 1998లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మాత్రలైతే డాక్టర్‌ని అడిగే వేసుకోండి, ముఖ్యంగా కిడ్నీలో రాళ్లున్నవాళ్లు. నొప్పిగా ఉండే రోజులకు ఒక సైజు పెద్ద బ్రా విడిగా పెట్టుకోండి.

రొమ్ములో డేట్ అయిపోయినా తగ్గని గడ్డ గానీ, ఒక్కవైపే నొప్పి గానీ ఉంటే అది వేరే విషయం, చూపించుకోవాలి. ఇంకొకటి. డేట్ ముందు వారం ఏడుపు ఆగకపోవడం, బతకాలనిపించకపోవడం, డేట్ మొదలయ్యాక రెండు మూడు రోజుల్లో మామూలైపోవడం కొందరికి ఉంటుంది. దాన్ని పీఎండీడీ అంటారు. 2013 నుంచి డాక్టర్ల పుస్తకాల్లో దానికి విడిగా చోటుంది. వాళ్లలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి, వాటికి మెదడు స్పందించే తీరే వేరు. మందులున్నాయి, కొన్నింటిని డేట్‌కి ముందు రెండు వారాలే వాడినా సరిపోతుంది. దాన్ని పొగరనో నటననో ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక షాపు సంగతి. కొత్తగా కొలతలిచ్చేవాళ్లు డేట్ అయిపోయిన వారంలో వస్తే మంచిది. మీ డేట్ ఎప్పుడని మేం అడగం, "ఈ వారం వద్దు" అంటే చాలు. ఆది జాకెట్టు ఇచ్చేవాళ్లు అది అన్ని రోజులూ సుఖంగా ఉంటుందో లేదో చెప్పండి. పక్క కుట్టుల్లో ఇకనుంచి రెండువైపులా అంగుళం బట్ట వదులుతాను, మూడు నెలల్లోపు వదులు చేయడానికి డబ్బు తీసుకోను. హుక్కులకు రెండు వరసల కాజాలు కావాలంటే ముందే అడగండి, ముప్పై రూపాయలు ఎక్కువవుతుంది.

నెలలో డేట్‌కి ముందు నాలుగు రోజులు నేను పట్టు బట్ట మీద కత్తెర పెట్టను. ఆ రోజుల్లో హెమ్మింగు, ఫాల్స్ చూసుకుంటాను. అందుకే వారానికిచ్చే జాకెట్టు ఇకనుంచి పది రోజులు పడుతుంది. వరలక్ష్మీ వ్రతానికి కావాల్సినవాళ్లు ఇరవై రోజుల ముందే ఇవ్వండి.